కఫము, దానిని వెడలించు మందులు

మంచు దిగుట మొదలైనది మొదలు మన తరగతులలో దగ్గు వినబడని గంట యుండదు. తలిదండ్రులు మందుల దుకాణమునకు బోయి "దగ్గుమందు" అని యడుగుదురు. ఏ దగ్గునకని యోచించువారు అరుదు.

ఊపిరి గొట్టముల లోపలిపొర పలుచని జిగురును సదా స్రవించుచుండును. నూగువంటి సూక్ష్మతంతువులు ఆ జిగురును, అందు చిక్కిన ధూళిని గొంతువైపునకు నెట్టుచుండును. జలుబు చేసినపుడు జిగురు చిక్కబడి కఫమగును. తంతువులు దానిని కదల్పజాలనందున దగ్గు పుట్టును. కావున కఫముతోడి దగ్గు ఇల్లూడ్చు చీపురువంటిది. దానిని అణచు డెక్స్‌ట్రోమెథార్ఫన్ వంటి మందు పొడిదగ్గునకే తగును. కఫము వెడలించు మందులు వేరు. గ్వైఫెనెసిన్ కఫమును పలుచన చేయుటకును, బ్రోమ్‌హెక్సిన్, ఆంబ్రాక్సాల్ అనునవి దాని జిగటను త్రెంచుటకును వాడుదురు. మన అవ్వలు కషాయము కాచిన అడ్డసరపాకులోని వాసిసీన్ అను పదార్థమే బ్రోమ్‌హెక్సిన్‌కు మూలము. గర్భిణులు మాత్రము ఆ కషాయమును త్రాగరాదు. సాధారణపు జలుబుదగ్గులో ఈ సీసామందుల మేలు గొప్పదని గట్టిగా ఋజువు కాలేదు. గోరువెచ్చని నీరు, ఏడాది దాటిన బిడ్డకు కొంచెము తేనె చాలును.

పసిపిల్లల విషయమున మిక్కిలి జాగ్రత్త వలయును. 1937లో అమెరికాలో డైఇథిలీన్ గ్లైకాల్ అను విషద్రవమునందు కరిగించిన మందు త్రాగి నూరుమందికి పైగా మరణించిరి. అదే విషము కలిసిన దగ్గుమందువలన 2025లో మధ్యప్రదేశమునందలి ఛింద్వాడాలో ఇరువదిమందికి పైగా పిల్లలు మూత్రపిండములు చెడి చనిపోయిరి. రెండేండ్లలోపు బిడ్డలకు దగ్గుమందు వలదనియు, ఐదేండ్లలోపువారికి సామాన్యముగా తగదనియు ఆ యేడే కేంద్ర ఆరోగ్యశాఖ తెలిపినది.

మన గోదావరి సీమకు చెందిన సంగతి యింకొకటి గలదు. బోదకాలు పుట్టించు క్రిములను మురుగునీటి దోమలు వ్యాపింపజేయును. కొందరి దేహము ఆ క్రిముల పిల్లలపై తీవ్రముగా తిరుగబడగా అవి ఊపిరితిత్తులలో చిక్కి, నడిరాత్రి పొడిదగ్గును, పిల్లికూతలను పుట్టించును. ఉబ్బసమని భ్రమపడి సీసాలపై సీసాలు త్రాగినను అది తగ్గదు. రక్తపరీక్షలో ఇయోసినోఫిల్ కణములు మిక్కిలి హెచ్చుగా కనబడును. దీనికి మందు డైఇథైల్‌కార్బమజీన్. దానిని 1947లో వెలువరించిన బృందమునకు నాయకుడు, 1895లో భీమవరమున జన్మించి రాజమహేంద్రవరమున చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారు! విద్యార్థులారా, ఈ పేరు మీ పాఠములలో లేకున్నను గుర్తుంచుకొనుడు.

ఇక క్షయ. రాజమహేంద్రవరము చెంత విశ్రాంతిపురమున లూథరన్ మిషనువారు క్షయరోగులకు వైద్యశాల నెలకొల్పిన దినములలో విశ్రాంతియు, మంచి గాలియు, ఆహారమునే ముఖ్య చికిత్స. స్ట్రెప్టోమైసిన్ 1943లోగాని కనుగొనబడలేదు. ఇప్పుడు క్షయ కుదురును, ఆలస్యము చేయకున్నచో. రెండు వారములు దాటిన దగ్గునకు సీసా మార్చుట మాని కఫమునే పరీక్షింపించవలయును. ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో పరీక్షయు మందులును ఉచితము. ఉదయము లేచినవెంటనే లోతుగా దగ్గి వెడలించిన కఫమును ఇయ్యవలెను. నోటి ఉమ్మి పనికిరాదు.