నవీపేటా, నందిపేటా? – ఫైరింజను కంటె ముందు చేరవలసింది సరైన మాట

నిజామాబాద్:

ఎండాకాలం. మిట్టమధ్యాహ్నం. ఊరి చివర కల్లం దగ్గర గడ్డివాము అంటుకున్నది. వాము పక్కన పశువుల కొట్టం, కొట్టాన్ని ఆనుకుని ఇండ్లు. గాలి ఇండ్ల వైపే వీస్తున్నది. ఎవరో ఒకరు జేబులోంచి ఫోను తీసి 101 నొక్కుతారు. "సారూ, మా ఊళ్లె అగ్గి వడ్డది, జల్ది రాండ్రి" అని ఒక్క కేక వేసి పెట్టేస్తారు. అవతల ఫోను ఎత్తిన ఉద్యోగి ముందు పుస్తకం వుంది, చేతిలో కలం వుంది. రాసుకోవడానికి ఊరి పేరే లేదు.

పేరు చెప్పినంత మాత్రాన కూడా చిక్కు తీరదు. వెనుక జనం అరుపులు, కుక్కల మొరుగులు, గాలి హోరు. ఆ గోలలో పేరు మొదటి భాగం పోయి, చివరి "పేట" ఒక్కటే వినపడుతుంది. నవీపేట బాసర దారిలో వుంది. నందిపేట ఆర్మూరు వైపు వుంది. ఒకటి అనుకుని మరొక దానికి బండి కదిలితే మళ్లీ వెనక్కి తిరిగి రావలసిందే. డిచ్‌పల్లి, ఎడపల్లి, జక్రాన్‌పల్లి కూడా అంతే. తోక ఒక్కటే, దారులు వేరు. ఎండుగడ్డి తగలబడడానికి ఎంత సేపు పడుతుందో రైతుకు ఒకరు చెప్పనక్కర లేదు.

మంటను ఆర్పేది నీళ్లే. ఐతే ఆ నీళ్లకు దారి చూపేది మాట. ఆ మాట ఊరివాడి నోట మొదలై, కేంద్రంలోని ఉద్యోగి చెవిన పడి, వైర్‌లెస్ సెట్టు మీదుగా బండిలో కూర్చున్న సిబ్బందికి చేరుతుంది. మూడు చేతులు మారే ఆ మాట ఎక్కడ చెడినా నష్టపోయేది మంటల ముందు నిలబడ్డవాడే.

మాట నడిచే దారి

అగ్నిమాపక కేంద్రంలో ఫోను వుండే గదిని వాచ్‌రూం అంటారు. అక్కడ రాత్రింబవళ్లు ఒకరు కాపలా వుంటారు. కబురు అందగానే వేళ, స్థలం, తగలబడుతున్నది ఏమిటి, చెప్పినవారి ఫోను నంబరు పుస్తకంలో ఎక్కుతాయి. వెంటనే గంట మోగుతుంది, బండి బయలుదేరుతుంది. కేంద్రం గేటు దాటిన తరువాత బండికీ గదికీ మధ్య వుండే బంధం ఎక్కువగా వైర్‌లెస్సే. జిల్లాలో నిజామాబాద్, బోధన్, ఆర్మూర్ వంటి చోట్ల అగ్నిమాపక కేంద్రాలు వున్నాయి. ఒక కేంద్రం బండి చాలకపోతే పక్క కేంద్రం బండిని పిలిపించాలి. నిజామాబాద్ నుంచి బోధన్‌కు సుమారు 25 కిలోమీటర్లు. అంత దూరం నుంచి సాయం రావలసి వున్నప్పుడు ఆ పిలుపు మొదటి నిముషాల్లోనే పోవాలి.

అందరి చేతుల్లో సెల్‌ఫోన్లు వుండగా ఇంకా ఈ సెట్లు ఎందుకని కొందరు అడుగుతుంటారు. సెల్‌ఫోనులో ఇద్దరే మాట్లాడుకుంటారు. వైర్‌లెస్‌లో ఒకరు చెబితే ఆ ఛానెల్‌పై వున్న బండ్లన్నీ ఒకేసారి వింటాయి. టవరుకు కరెంటు పోయినా, పెద్ద ప్రమాదం జరిగి ఊరంతా ఒక్కసారిగా ఫోన్లు చేసి లైన్లు నిండిపోయినా, వైర్‌లెస్ దారి వేరుగా వుంటుంది.

ఒకే బండి పట్టే వంతెన

వైర్‌లెస్ సెట్టు టెలిఫోను వంటిది కాదు. అది కాలువ మీద ఒకే బండి పట్టే వంతెన వంటిది. ఇటు నుంచి ఒకటి వస్తుంటే అటు నుంచి రెండోది ఎక్కరాదు. ఒకరు మీట నొక్కి మాట్లాడుతున్నంత సేపు మిగిలినవారు వినవలసిందే. ఇద్దరు ఒకేసారి నొక్కితే ఇద్దరి మాటా పోతుంది, గరగర శబ్దమే మిగులుతుంది.

అందుకే దీనికి కొన్ని నియమాలు ఏర్పడ్డాయి. మాట్లాడబోయే ముందు ఛానెల్ ఖాళీగా వుందో లేదో వినాలి. మీట నొక్కగానే నోరు తెరవరాదు, ఒక్క క్షణం ఆగాలి. ఆగకపోతే మొదటి మాట తెగిపోతుంది. "ఎక్కవద్దు" అన్నది సగం తెగితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ముందు పిలుస్తున్నవారి పేరు, ఆ తరువాత తమ పేరు చెప్పాలి. "కంట్రోల్, కంట్రోల్, బోధన్ బండి పిలుస్తోంది, ఓవర్" అన్నట్టుగా. గొంతు చించుకుని అరవరాదు. అరిస్తే సెట్టులో మాట పగిలిపోతుంది.

"ఓవర్" అంటే నా మాట అయింది, ఇక మీరు చెప్పండి అని అర్థం. "రోజర్" అంటే విన్నాను అని. "ఔట్" అంటే సంభాషణ ముగిసింది, జవాబు అవసరం లేదు అని. సినిమాల్లో "ఓవర్ అండ్ ఔట్" అని గంభీరంగా అంటుంటారు. మీరు చెప్పండి అంటూనే చెప్పవద్దు అన్నట్టు అవుతుంది కనుక నియమం ప్రకారం ఆ రెండూ కలవవు.

గుట్టలు, పెద్ద కట్టడాలు అడ్డం వస్తే ఈ సెట్ల మాట పలచబడుతుంది. దూరం పోవడానికి ఎత్తైన చోట రిపీటరు అనే యంత్రాన్ని పెడతారు. దండోరా వేసేవాడి కేకను గుట్ట మీద నిలబడ్డ మరొకడు అందుకుని అవతలి ఊరికి వినిపించినట్టు, అది మాటను అందుకుని మళ్లీ బలంగా పంపుతుంది.

'బి' అన్నారా, 'పి' అన్నారా

మన జిల్లాలో ఊళ్ల పేర్ల వెనుక అక్షరాలు వుండడం అందరికీ తెలిసిందే. డిచ్‌పల్లి దగ్గర ధర్మారం (బి), నిజామాబాద్ పక్కన బోర్గాం (పి). ఒకే పేరు గల ఊళ్లను వేరు చేయడానికి ఈ అక్షరాలు వచ్చాయి. నిజాం కాలపు లెక్కల్లో పెద్ద ఊరికి బుజుర్గ్ అని, చిన్న ఊరికి ఖుర్ద్ అని చేర్చడం పరిపాటి. కాగితం మీద ఇబ్బంది లేదు. వైర్‌లెస్‌లో మాత్రం బి, పి, డి, టి అన్నీ ఒకే తీరుగా వినపడతాయి.

ఈ బాధ మనది మాత్రమే కాదు. విమానాలు నడిపేవారు, ఓడలవారు ఎప్పుడో ఎదుర్కొన్నారు. అందుకే అక్షరానికో మాట చొప్పున ఒక వర్ణమాల తయారైంది. 1956 నుంచి ప్రపంచమంతటా విమానయానంలో ఇది అమలులో వుంది. ఎ అంటే ఆల్ఫా, బి అంటే బ్రావో, డి అంటే డెల్టా, కె అంటే కిలో, పి అంటే పాపా. "ధర్మారం, బి ఫర్ బ్రావో" అంటే ఎంత గరగరలోనైనా పొరపాటుకు తావు వుండదు.

అంకెలకూ ఇదే నియమం. ఇంగ్లీషులో ఫిఫ్టీన్, ఫిఫ్టీ కలిసిపోతాయి. తెలుగులో ఇరవై, అరవై కలిసిపోతాయి. అందుకని 60 అని చెప్పవలసి వస్తే "ఆరు, సున్న" అని విడివిడిగా చెప్పాలి. విన్నవారు అదే మాట తిరిగి అప్పజెప్పాలి. ఈ అప్పజెప్పడం వట్టి లాంఛనం కాదు. పొరపాటు బయటపడేది అక్కడే.

చేరిన తరువాత

బండి చేరగానే సిబ్బంది నీళ్లు కొట్టడంతో పాటు కేంద్రానికి కబురు కూడా పంపాలి. తగలబడుతున్నది గడ్డా, ఇల్లా, చెరకు తోటా? ఎంత మేర? గాలి ఏ వైపు? లోపల మనుషులు గాని, పశువులు గాని చిక్కుకున్నాయా? గ్యాసు బండలు వున్నాయా? పైన కరెంటు తీగలు వున్నాయా? ఇంకో బండి కావాలా? ఈ కబురును బట్టే కేంద్రం విద్యుత్ శాఖవారికి, అంబులెన్సుకు, పోలీసులకు చెబుతుంది. మంట అదుపులోకి వచ్చి, ఇక వేరే బండి అక్కరలేదని తేలినప్పుడు "స్టాప్ మెసేజ్" పంపుతారు. ఆ మాట పడే వరకు వెనుకనున్నవారు సిద్ధంగానే వుంటారు.

నీళ్ల సంగతి మరీ ముఖ్యం. మామూలు ఫైరింజనులో సుమారు 4,500 లీటర్లు పడతాయి. గొట్టంతో నిముషానికి 450 లీటర్లు చల్లితే పది నిముషాలకు బండి ఖాళీ. ఆ తరువాత నీరు ఎక్కడ? చెరువు, కాలువ, వాగు, దిగుడు బావి ఏదైనా దగ్గరుంటే బండిలోని పంపే నీటిని పీల్చుకుంటుంది. ఐతే నీటి మట్టం సుమారు 7 మీటర్ల లోతుకు మించితే పీల్చలేదు. బోరుబావిలో గొట్టం దించడానికి వీలు పడదు. ప్రమాదం జరిగిన చోట కరెంటు తీసివేస్తే రైతు మోటారు కూడా నడవదు. కనుక "మా ఊళ్లె నీళ్లకేం కొదవ" అంటే చాలదు. ఏ నీళ్లు, ఎంత లోతున, బండి పోవడానికి బాట వుందా అన్నది చెప్పాలి.

మాట అందక పోయిన ప్రాణాలు

1988 జులై 1న అమెరికాలోని హాకెన్‌సాక్ పట్టణంలో ఒక కార్ల దుకాణం తగలబడింది. పైకప్పు కూలి అయిదుగురు అగ్నిమాపక సిబ్బంది మరణించారు. వారిలో ఇద్దరు కప్పు కూలినప్పుడు వెంటనే చనిపోలేదు. పక్క గదిలో చిక్కుకుని వైర్‌లెస్‌లో పలుమార్లు సాయం కోరారు. ఒకే ఛానెల్‌పై అన్ని సందేశాలూ నడుస్తుండడంతో వారి పిలుపు సకాలంలో అందవలసినవారికి అందలేదు.

2001 సెప్టెంబర్ 11న న్యూయార్క్‌లో జంట టవర్లు కూలినప్పుడు ఆ నగర అగ్నిమాపక శాఖవారు 343 మంది చనిపోయారు. ఉత్తర టవరులో వున్న కొందరికి బయటికి రమ్మన్న ఆజ్ఞ వినపడలేదని విచారణ కమిషన్ 2004లో తేల్చింది. అక్కడి రిపీటరుకు రెండు మీటలు నొక్కవలసి వుండగా రెండోది నొక్కలేదు. యంత్రం పనిచేయడం లేదనుకుని ఉత్తర టవరు అధికారులు దాన్ని వదిలేశారు. అంత పెద్ద నగరంలో, అంత ఖరీదైన సరంజామా వున్నచోట ఒక్క మీట దగ్గర మాట ఆగిపోయింది.

ప్రాణాపాయంలో వున్నవారి మాటకు దారి ఇవ్వడానికే "మేడే" అనే పిలుపు వుంది. దీనికి మే నెలతో సంబంధం లేదు. సాయం చేయండి అనే అర్థం వచ్చే ఫ్రెంచి మాట నుంచి 1923లో లండన్ దగ్గరి క్రాయ్‌డన్ విమానాశ్రయంలో ఇది పుట్టింది. మూడుసార్లు "మేడే" అని వినపడితే మిగిలినవారందరూ నోరు మూసుకుని దారి ఇవ్వాలి.

బోధన్ చుట్టుపట్ల

1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడిన నాటి నుంచి బోధన్, శక్కర్‌నగర్ పేర్లు చెరకుతో పెనవేసుకున్నాయి. చెరకు బండ్లు ఫ్యాక్టరీ ముందు బారులు తీరిన రోజులు పెద్దలకు గుర్తే. 2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీ మూతపడింది. చెరకు తగ్గి వరి పెరిగింది. అగ్గి భయం మాత్రం తగ్గలేదు, రూపు మార్చుకున్నది. అప్పుడు చెరకు ఎండుటాకు, పిప్పి కుప్పలు. ఇప్పుడు గడ్డివాములు, కోతల తరువాత కాల్చే వరికొయ్యలు. ఒకరి పొలంలో పెట్టిన నిప్పు గట్టు దాటి పక్కవాడి పైరుకు పాకడం ఎరగని ఊరు లేదు. పొలాలకు పేర్లు, ఇంటి నంబర్లు వుండవు. "ఎల్లయ్య మడి కాడ" అంటే ఊరివాడికి తెలుస్తుంది గాని బండివాడికి తెలియదు.

సాలూర వంటి సరిహద్దు ఊళ్లకు మరో చిక్కు వుంది. అక్కడ సెల్‌ఫోనుకు మహారాష్ట్ర టవరు అందే అవకాశం వుంది. అలాంటప్పుడు ఫోను ఎత్తగానే "తెలంగాణ, నిజామాబాద్ జిల్లా" అని మొదట చెప్పడం మేలు.

ఊరివారు చేయవలసింది

అగ్నిప్రమాదాలకు 101, అంబులెన్సుకు 108 వున్నాయి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 మొదలైంది. పోలీసు, అగ్నిమాపక, వైద్య సహాయాలకు కలిపి ఒకే నంబరుగా 112 వచ్చింది. ఏ నంబరుకు చేసినా చెప్పవలసిన మాటలు ఒక్కటే. ముందు ఊరి పేరు, వెనుక అక్షరం వుంటే దానితో సహా. ఆ తరువాత మండలం. ఏ రోడ్డు మీద నుంచి రావాలి, దగ్గరి గుర్తు ఏమిటి. అంటుకున్నది ఏమిటి. మనుషులు చిక్కుకున్నారా. నీళ్లు ఎక్కడ. చివరగా తన ఫోను నంబరు.

చెప్పడం కాగానే ఫోను పెట్టేయరాదు. అవతలివారు "అన్నా, నవీపేట మండలమే గదా, నందిపేట కాదు గదా?" అని అడిగితే విసుక్కోరాదు. బండి రావడం ఆలస్యం చేయడానికి అడిగే ప్రశ్న కాదది. ఆ తరువాత ఆ ఫోనును ఖాళీగా వుంచాలి, దారి తెలియక సిబ్బంది మళ్లీ చేయవచ్చు. ఒక మనిషిని రోడ్డు మలుపు దగ్గర, పగలైతే తువ్వాలుతో, రాత్రయితే లైటుతో నిలబెట్టాలి. ఒకరు లైన్‌మన్‌కు చెప్పాలి. తమాషాకు తప్పుడు ఫోన్లు చేసే పిల్లలను పెద్దలు మందలించాలి. ఆ బండి అటు పోయిన సమయంలో ఇటు నిజంగానే ఇల్లు కాలవచ్చు.

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944లో అదే తేదీన బొంబాయి రేవులో జరిగిన ఓడ పేలుడులో మరణించిన సిబ్బంది జ్ఞాపకార్థం వీటిని జరుపుతారు. సరిగ్గా మన ఊళ్లలో గడ్డివాములు పడే కాలమది. ఆ వారం రోజుల్లో పంచాయతీ గోడ మీద, బడి గోడ మీద ఊరి పూర్తి పేరు, మండలం, వచ్చే దారి, దగ్గరి నీటి వసతి పెద్ద అక్షరాలతో రాయించడానికి ఒక డబ్బా రంగు చాలు. అగ్గి పడినప్పుడు చేతులు వణుకుతాయి, పేర్లు మరిచిపోతారు. అప్పుడు గోడ చూసి చదివితే సరిపోతుంది.