రంగు నిలువని లోహం

రాయ్‌పూర్ చెరువుల నగరం. 1877లో ఇక్కడికి వచ్చి, బాల్యంలో సుమారు రెండేళ్లు గడిపిన నరేంద్రనాథుని స్మృతిగా, పాత బూఢా తాలాబు నేడు వివేకానంద సరోవరమైంది. దక్షిణాన ధమ్తరి సమీపంలో మహానదికి అడ్డుకట్ట వేసిన గంగ్రేల్ జలాశయం ఉంది. ఇక అల్యూమినియం అంటారా? ప్రభుత్వరంగంలో దేశపు తొలి అల్యూమినియం సంస్థగా 1965లో ఏర్పడిన బాల్కో తన కర్మాగారాన్ని నెలకొల్పింది ఈ రాష్ట్రంలోని కోర్బాలోనే. నీరూ లోహమూ ఇంత చేరువలో ఉన్న చోట, చిన్న అల్యూమినియం పడవకు రంగు వేయడం సులభమైన పనిగా తోచవచ్చు. నిజానికి ఇనుముకు వేసినంత సులభం కాదు.

అల్యూమినియానికి తుప్పు పట్టదన్న మాట సగం సత్యం. గాలి సోకిన మరుక్షణమే దానిపై కంటికి కనిపించని ఆక్సైడు పొర ఏర్పడుతుంది. మిల్లీమీటరులో లక్షవ వంతుకు మించని ఆ పొరే లోహానికి కవచం. గీత పడితే తనంతట తానే పూడుకుంటుంది. అయితే లోహాన్ని కాపాడే ఆ కవచమే రంగును పట్టుకోనివ్వదు. కడిగీ కడగక పూసిన రంగు కొద్దికాలానికే పెచ్చులుగా లేచిపోతుంది.

అంతకన్న పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. 1895లో అమెరికా కప్ పందెంలో గెలిచిన 'డిఫెండర్' అనే తెరచాప నౌకకు నీటి అడుగు భాగంలో కంచు రేకులూ, పైన అల్యూమినియం రేకులూ, లోపల ఉక్కు చట్రమూ అమర్చారు. ఉప్పునీటిలో భిన్నలోహాలు తాకితే విద్యుత్తు పుట్టి, వాటిలో బలహీనమైనది కరిగిపోతుంది. ఆ నౌక 1901 నాటికే విడగొట్టబడింది. రాగి కలిసిన రంగు పూసినా అల్యూమినియానికి ఇదే గతి పట్టవచ్చు. సముద్రపు పడవలకు నాచు, నత్తలు పట్టకుండా పూసే రంగుల్లో రాగి సర్వసాధారణం. అప్పుడప్పుడు ఒడ్డుకు చేర్చి కడిగే చెరువు పడవకు దాని అవసరమే లేదు. సీసపు సింధూరమూ అంతే. ఇనుముకు మేలు చేసేది దీనికి కీడు చేస్తుంది.

కనుక అసలు శ్రమ రంగు డబ్బా తెరవడానికి ముందే ఉంది. మొదట పడవను సబ్బునీటితో, ఆపై థిన్నరుతో తుడిచి జిడ్డు వదిలించాలి. ముందే రుద్దితే జిడ్డు గీతల్లోకి దిగిపోతుంది. తర్వాత కొంచెం నీరు పోసి, ఎక్కడ కారుతోందో బయట సుద్దముక్కతో గుర్తు పెట్టాలి. ఎక్కువ పోస్తే ఆ బరువుకు రేకు వంగిపోతుంది. రివెట్ల చుట్టూ తెల్లని పొడి కనిపిస్తే గోరుతో కాక మొనగల పనిముట్టుతో గుచ్చి చూడాలి. కొత్త రంగు కింద దాగిన చిల్లు, నడి చెరువులో మనుషులున్నప్పుడే బయటపడుతుంది.

ఊడిపోతున్న రంగు గీకేసి, గట్టిగా ఉన్నదాన్ని గరుకు కాగితంతో తడిగా రుద్దితే చాలు. పాత రంగులో సీసం ఉండవచ్చు గనుక పొడి ధూళి పీల్చరాదు. ఇనుప తీగల బ్రష్షు మాత్రం పనికిరాదు. దాని రవ్వలు లోహంలో నాటుకుని మచ్చలవుతాయి. విచిత్రమేమంటే, గరుకు కాగితాల్లో చాలావాటి రవ్వలు అల్యూమినియం ఆక్సైడే. బట్టబయలైన లోహంపై అదే రోజు, వీలైతే కొద్ది గంటల్లోనే, ఆమ్లం కలిసిన ఎచ్ ప్రైమరును పలుచగా పూయాలి. అది లోహాన్ని కొంచెం కొరికి పట్టు కల్పిస్తుంది. ఒకప్పుడు ప్రసిద్ధమైన జింకు క్రోమేటు క్యాన్సరు కారకమని తేలింది గనుక దాని జోలికి పోకపోవడమే మేలు.

కాలం కూడా చూసుకోవాలి. మే నెలలో రాయ్‌పూర్ ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. కాలిన రేకుపై రంగు పైన ఆరి లోపల ఉడికి బొబ్బలెక్కుతుంది. వానలకు ముందు తొందరపడి వేయించుకునే అలవాటు చాలామందిది. శీతకాలపు పొడి పగళ్లు, మంచు ఆరిన తరువాత నీడలో, ఇందుకు తగినవి. చివరి పూత తర్వాత ఉక్కు బోల్టుల కింద రబ్బరు వాషర్లు వేసి బిగించి, రంగు పూర్తిగా గట్టిపడేదాకా, అంటే వారం పది రోజులు, పడవను ఒడ్డునే ఉంచాలి.