సరిహద్దెరుగని బరి

ఇసుక పోసిన గుండ్రని బరి. ఇద్దరు మల్లులు ఎదురెదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, ఒకరి భుజానికి మరొకరు భుజం ఆనిస్తారు. ఒకరు నీలం, మరొకరు ఎరుపు గుడ్డపట్టీని నడుముకూ తొడకూ బిగించుకున్నారు. ప్రత్యర్థి పట్టీని ఒక చేత నడుము వద్ద, రెండవ చేత తొడ వద్ద గట్టిగా పట్టుకుంటారు. న్యాయనిర్ణేత సైగతో ఇద్దరూ ఒక్కసారిగా పైకి లేస్తారు. కొన్ని క్షణాల పెనుగులాట. ఒకడు గాలిలోకి లేచి ఇసుకలో పడతాడు. బరి చుట్టూ జనం హోరెత్తుతారు.

ఇదే కొరియా ప్రజల ప్రాచీన మల్లయుద్ధం ‘సిరుమ్’. ఇందులో గుద్దులు లేవు, తన్నులు లేవు. మన గోదాలలో ప్రత్యర్థి వీపును నేలకు ఆనించాలి. ఇక్కడ మోకాలు గాని, దానికి పైనున్న ఏ అవయవం గాని ముందుగా నేలను తాకితే చాలు, ఓటమే. మూడు పట్లలో రెండు గెలిచినవాడు విజేత. ‘సత్బా’ అనే ఆ గుడ్డపట్టీయే ఈ ఆటకు ప్రాణం. ప్రత్యర్థిని పడగొట్టాలన్నా, తాను నిలదొక్కుకోవాలన్నా దానినే ఆధారం చేసుకోవాలి.

పండుగ నాటి బలపరీక్ష

కొరియా పండుగలు చాంద్రమానాన్ని అనుసరిస్తాయి. సంవత్సరాది ‘సొల్లాల్’ నాడు పిన్నలు పెద్దలకు సాష్టాంగపడి దీవెనలందుకుంటారు. అయిదవ నెల అయిదవ నాడు ‘దానో’. ఆనాడు స్త్రీలు వస మొక్కను మరిగించిన నీటితో తలంటుకునేవారు. మన ఇళ్ళలో పసిబిడ్డలకు అరగదీసి నాకించే వస ఇదే. అట్లతద్ది ఉయ్యాలలను తలపించే ఎత్తయిన ఉయ్యాలలపై వారు నిలబడి ఊగుతుంటే, పురుషులు సిరుమ్ బరిలో దిగేవారు. తూర్పు తీరాన గంగ్నుంగ్ పట్టణంలో జరిగే దానో ఉత్సవాన్ని యునెస్కో 2005లో మానవాళి వారసత్వంగా ప్రకటించింది.

ఎనిమిదవ నెల పున్నమి నాడు వచ్చే ‘చుసోక్’ పంటల పండుగ. కొత్త బియ్యపు పిండితో అర్ధచంద్రాకారపు కుడుములు చేసి, దేవదారు జాతి చెట్ల ఆకులపై ఆవిరికి ఉడికిస్తారు. పూర్వీకుల సమాధులను దర్శించి నైవేద్యం పెడతారు. ఆ పండుగకూ సిరుమ్ ఉండవలసిందే. విజేతకు ఎద్దును బహూకరించడం ఆచారం. దుక్కి దున్నే రైతుకు ఎద్దుకు మించిన కానుక ఏముంటుంది?

ఈ క్రీడ వయస్సెంత? పూర్వపు గొగుర్యో రాజ్యపు సమాధి ఒకటి నేటి చైనాలోని జియాన్ వద్ద ఉంది. 1,500 ఏళ్ళకు పైబడిన ఆ సమాధి గోడపై ఒక చెట్టు నీడన ఇద్దరు మల్లులు పట్టు పట్టి కనిపిస్తారు. పద్ధెనిమిదవ శతాబ్దంలో కిమ్ హాంగ్ దో అనే చిత్రకారుడు ఇదే దృశ్యాన్ని మరొక విధంగా చూశాడు. ఆ చిత్రంలో జనం వలయంగా కూర్చుని ఉత్కంఠతో చూస్తుంటారు. మల్లులు విప్పిన చెప్పులు ఒక పక్కన పడి ఉంటాయి. మిఠాయి పళ్ళెం మోస్తున్న కుర్రవాడు మాత్రం పోటీని పట్టించుకోక వేరొక వైపు చూస్తుంటాడు; అతని చూపు బేరం కోసం!

గీత గీసిన తరువాత

1945లో ఆ దేశాన్ని 38వ అక్షాంశం వెంబడి రెండుగా విభజించారు. 1950లో మొదలైన యుద్ధం 1953లో కాల్పుల విరమణతో ఆగిందే గాని, శాంతి ఒప్పందం కుదరలేదు. సుమారు 250 కిలోమీటర్ల పొడవు, 4 కిలోమీటర్ల వెడల్పు గల నిస్సైనిక మండలం తల్లిని బిడ్డకు, అన్నను తమ్మునికి దూరం చేసింది. ఉత్తరాది నుంచి వచ్చి దక్షిణాన స్థిరపడినవారికి చుసోక్ నాడు పూర్వీకుల సమాధుల వద్దకు వెళ్ళే దారి లేదు. వారి కోసం సరిహద్దుకు చేరువలోని ఇమ్జింగాక్ వద్ద 1985లో ఒక వేదికను నిర్మించారు. పండుగనాడు వారు అక్కడ నైవేద్యం ఉంచి, ఉత్తర దిక్కుకు తిరిగి మోకరిల్లుతారు.

సిరుమ్ మాత్రం రెండు వైపులా బ్రతికింది. దక్షిణాన 1983లో వృత్తి క్రీడాకారుల పోటీలు ఆరంభమయ్యాయి. తొలి మహావీరుడుగా నిలిచిన యువకుడు లీ మాన్ కీ ఆ బిరుదును మొత్తం పదిసార్లు గెలిచి ఇంటింటా పరిచితుడయ్యాడు. 1997 నాటి ఆర్థిక సంక్షోభం తరువాత పోషకులు తగ్గి, ఆట కొంత వెలవెలబోయింది. ఉత్తరాన ప్యాంగ్యాంగ్‌లో జరిగే పెద్ద పోటీలో నేటికీ ఎద్దే బహుమతి.

ఉమ్మడి సంపదను కూడా ఈ రెండు దేశాలు విడివిడిగానే లోకానికి చూపుకున్నాయి. ‘అరిరాంగ్’ జానపద గీతాన్ని దక్షిణ కొరియా 2012లోను, ఉత్తర కొరియా 2014లోను యునెస్కో జాబితాలో చేర్పించుకున్నాయి. కిమ్చీ ఊరగాయ తయారీ సంప్రదాయమూ అంతే: దక్షిణానిది 2013లో, ఉత్తరానిది 2015లో. సిరుమ్ కోసం కూడా మొదట వేర్వేరు దరఖాస్తులే వెళ్ళాయి. కాని 2018లో ఇరుదేశాల నాయకులు పాన్‌మున్‌జోమ్‌లో చేతులు కలిపారు. ఆ ఏడాది నవంబరు 26న మారిషస్ రాజధాని పోర్ట్ లూయీలో సమావేశమైన యునెస్కో కమిటీ, ఇరుపక్షాల సమ్మతితో, సిరుమ్‌ను ఉమ్మడి వారసత్వంగా నమోదు చేసింది. రెండు కొరియాలు కలిసి పొందిన తొలి గుర్తింపు అదే.

ఆ సామరస్యం నిలవలేదు. విడిపోయిన కుటుంబాలు 2018 ఆగస్టులో కలుసుకున్న తరువాత మరల అటువంటి కలయిక జరగలేదు. 2020లో ఉత్తర కొరియా ఉమ్మడి సంప్రదింపుల కార్యాలయాన్ని ప్రేలుడు పదార్థాలతో కూల్చివేసింది. 2024లో ఆ దేశాధినేత పునరేకీకరణ లక్ష్యాన్నే త్రోసిపుచ్చాడు.

అయినా యునెస్కో జాబితాలో ఆ నమోదు చెక్కుచెదరలేదు. అక్కడ ఆ క్రీడ పేరును ఇంగ్లీషులో రెండు విధాలుగా వ్రాశారు. ఒకటి ఉత్తరాది వర్ణక్రమం, మరొకటి దక్షిణాదిది; నడుమ ఒక వాలు గీత. ఏ కొరియా వృద్ధుణ్ణి చదివి వినిపించమన్నా, గీతకు రెండు వైపులా ఉన్నది ఒకే మాట.