చిన్న తెరచాప పడవలతో ఇన్నూఱు మైళ్లు

పడవ పందెమనగా నేమో ఎల్లరకును దెలియును. ఎవరు ముందుగా గమ్యము జేరిరి, ఎవరు వెనుకబడిరి అనునదే అందలి ముచ్చట. నేడు నేను మనవి చేయబోవునది పందెము గాదు. పడవల కూటమి యనిన సరిపోవును. అమెరికా సంయుక్త రాష్ట్రములలో, మెక్సికో సింధుశాఖ తీరమున, టెక్సస్ రాష్ట్రము గలదు. అచట 2008వ సంవత్సరము మొదలు, జూను మాసమున, చిన్న తెరచాప పడవలు గలవారు కొందఱు కూడి, సుమారు 200 మైళ్లు అయిదాఱు దినములలో పయనించుచు వచ్చిరి. దీనికి ‘టెక్సస్ 200’ అని పేరు. హూస్టన్ నగరమున కాపురముండు నేను, నా మేనల్లుని వెంటబెట్టుకొని, 2011లో ఇందు పాల్గొంటిని.

ఈ కూటమిలో బహుమానము లేదు. మొదటివాడు, కడపటివాడు అను లెక్క లేదు. వెంటనుండి కాపాడుటకు పెద్ద పడవ యేదియు రాదు. ఏ రాత్రి ఎచట మజిలీ చేయవచ్చునో ముందుగా సూచింతురు, అంతియే. బయలుదేఱుటకును, ఆగుటకును, వెనుకకు మఱలుటకును ఎవరి పడవకు వారే పెద్దలు. పెత్తనము చేయువాడు లేని పని చెడిపోదా యని మీకు సందేహము కలుగవచ్చును. ఆ సందేహము తీఱవలెనన్న ముందు ఆ నీటిత్రోవను గూర్చి కొంత చెప్పవలెను.

టెక్సస్ తీరమున పాడ్రీ ద్వీపమని యొక పెద్ద యిసుకదిబ్బ గలదు. పొడవు సుమారు 113 మైళ్లు. వెడల్పు చాల స్వల్పము. తీరమునకు అడ్డుగోడవలె నుండు ద్వీపములలో లోకమున ఇంతకంటె పొడవైనది లేదు. దానికి వెలుపల సముద్రము. లోపల లగూనా మాద్రే యను ఉప్పునీటి సరస్సు. నెల్లూరు సీమవారు పులికాటు సరస్సును, దానికిని సముద్రమునకును నడుమనున్న శ్రీహరికోటను తలచుకొనిన, ఈ రూపము కన్నులకు గట్టును. లోతు చాలచోట్ల మొలబంటి మాత్రమే. పడవ తలక్రిందైనను మనిషి కాళ్లమీద నిలువవచ్చును. పెద్దనదు లేవియు వచ్చి కలియవు, వానలు తక్కువ, ఎండ మెండు, సముద్రముతో గలుపు మొగలు మిక్కిలి కొద్ది. కావున నీరు ఆవిరియై పోవుచుండ ఉప్పు నిలిచి, ఆ నీరు సముద్రజలముకంటెను ఉప్పన యగుచుండును. అందు త్రాగదగిన చుక్క దొరకదు. ఈ సరస్సుగుండ ఓడలకై త్రవ్విన కాలువ 1949లో పూర్తియయ్యెను. మన బకింగుహాము కాలువవలె ఇదియు తీరము వెంబడి పోవునది.

ఇక గాలి సంగతి. వేసవిలో అట్లాంటిక్ మహాసముద్రముపై, బెర్ముడా ప్రాంతమున, వాయువు బరువై నిలుచును. అచటినుండి వెడలిన గాలి సింధుశాఖను దాటి, ఆగ్నేయ మూలనుండి టెక్సస్ తీరముపై వీచును. మధ్యాహ్నమగుసరికి నేల కాగి, దానిపైనున్న గాలి పైకి లేవగా, సముద్రపుగాలి మఱింత జోరుగా లోనికి వచ్చును. మన పైరగాలి పుట్టుకయు నిట్టిదే. ఉదయమున గంటకు పది మైళ్ల వేగముగల గాలి సాయంత్రమునకు ఇరువదియైదు మైళ్లగుట అచట వింత గాదు. అందుచేతనే యాత్ర దక్షిణమునుండి ఉత్తరమునకు సాగును. అందఱును తమ కార్లను, పడవలను మోయు బండ్లను ముందుగా మాగ్నోలియా బీచి యను ఉత్తరపు గమ్యమున విడిచి, బస్సెక్కి దక్షిణమునకు వత్తురు. ఎదురుగాలికి తిరిగి వచ్చుట అసాధ్యమని గాదు. ఉద్యోగస్థులకు అంత సెలవు దొరకదు.

మా పడవ 16 అడుగులది. పొరలచెక్కతో ఇంటి ముంగిట చేసినది. ఎనిమిదడుగుల పెట్టెవంటి పడవలతో వచ్చిన సాహసులు గూడ ఈ కూటమిలో గలరు. ఇట్టి పడవకు నడుమ ఒక చీలికగుండ పలకను నీటిలోనికి దింపుదురు. గాలి ప్రక్కకు నెట్టకుండ ఆ పలక పడవను పట్టియుంచును. లోతు తగ్గినపుడు దానిని పైకి లాగినయెడల, పడవ జానెడు నీటిలోనైనను పోగలదు. వెంట లంగరు, తెడ్లు, వాతావరణ సూచనలు వినుటకు చిన్న రేడియో, ఇద్దఱకు ఆఱు దినములకు సరిపడునట్లు 12 గాలనుల మంచినీరు ఉంచుకొంటిమి.

వెన్నుగాలితో పోవు పడవవాడు తెలిసికొనవలసిన మోసమొకటి గలదు. గాలి గంటకు ఇరువది మైళ్లు వీచుచుండ, పడవ ఆఱు మైళ్లు ముందుకు పోవుచున్నదనుకొనుడు. పడవలోనివానికి తగులుగాలి పదునాలుగు మైళ్లే. ఎంత హాయిగా నున్నదని అతడు తెరచాపను పూర్తిగా చాపియుంచును. ఏదో యొక కారణమున అదే వేగముతో గాలికెదురుగా తిరిగినచో, తగులుగాలి ఇరువదియాఱు మైళ్లగును. గాలి ఒత్తిడియో, వేగము రెట్టింపైనచో నాలుగింతలగునట్టిది. ఆ లెక్కను బట్టి, ఒక్క మలుపులో తెరచాపపై బరువు ఇంచుమించు మూడున్నర రెట్లు పెరుగును. కావున, తెరచాప క్రిందిభాగమును మడిచి కట్టవలెనా యను తలంపు మనసున పుట్టినపుడే కట్టివేయవలెను. పిమ్మట కట్టుదమనిన చేతులు చాలవు.

మొదటి దినమున పోర్టు ఇసబెల్ నుండి పోర్టు మాన్స్‌ఫీల్డు జేరితిమి. మఱునాడు ‘లాండ్ కట్’ అను భాగమున ప్రవేశించితిమి. పూర్వము సరస్సు రెండు ముక్కలై, నడుమ బురదమైదానము ఉండెడిది. దానిని చీల్చి కాలువ తీసిరి. ఇరువది మైళ్లకు పైగా తిన్నని నీటిదారి. చెట్టు లేదు, నీడ లేదు. సరకులు మోయు పెద్ద దోనెలను నెట్టుకొని యంత్రపుపడవలు ఎదురుగా వచ్చును. అవి వెంటనే ఆగలేవు గనుక చిన్నవారే ఒడ్డునకు ఒదుగవలెను.

మూడవనాటి మధ్యాహ్నము కార్పస్ క్రిస్టీ అఖాతపు ముఖమున నిలిచితిమి. అది పది మైళ్లకు పైబడిన వెడల్పుగల నీటిపట్టు. లోతు రెండు నిలువులు. సరస్సులోవలె అచట కాళ్లు నేలకు అందవు. విశాలమై లోతు తక్కువైనచోట అలలు పొట్టివై, నిటారుగా, ఒకదాని వెంట నొకటి వచ్చి పడును. అంతవరకు వెన్నునున్న గాలి అచట ప్రక్కకు మారును. తక్కిన పడవలు దాటిపోయి చాలసేపయ్యెను. దూరమున ఒక తెరచాప మాత్రము తెల్లగా కనబడుచుండెను. “మామయ్యా, అందఱును దాటిరి, మనకేమి భయము?” అని మేనల్లు డనెను. వాని మాటలో న్యాయము లేకపోలేదు. ఆగినయెడల మజిలీ తప్పును, తోడు తప్పును, ఎండలో మంచినీరు తఱుగును. కాని ముందుపోయినవారు గాలి యింకను లేవకమునుపే దాటినవారు. వాడు నా చెల్లెలి ఒక్కగానొక్క కొడుకు. లంగరు వేయుమంటిని. వాడు మాటలాడక వేసెను. ఆ సాయంకాలమంతయు మాటలాడలేదు. గాలికి తాళ్లు రాత్రి రెండుజాములవఱకు ఈలలు వేయుచుండెను.

తెల్లవాఱుజామున గాలి తగ్గును. తెరచాపను ఒక మడత మడిచి, చీకటి విడుచుచుండగా బయలుదేఱి, ఎండ ముదరకముందే ఆవలి యొడ్డు జేరితిమి. చుక్కాని మేనల్లుడే పట్టెను. ఆ పిమ్మట రెండు దినములు దీర్ఘముగా నడిపి, మాటగోర్డా ద్వీపమున ‘ఆర్మీ హోల్’ అను రేవు జేరునప్పటికి మునిమాపయ్యెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున అచట సైనిక విమానస్థావరము ఉండెడిది. ఇపుడు దోమల రాజ్యము. తక్కినవారు అచటనే యుండిరి. ఏల ఆలస్యమైనదని యొక్కరును అడుగలేదు. అఖాతమున తెల్లవాఱుజామున గాలి యెట్లుండెనని మాత్రము ఇద్దఱు ముగ్గురు శ్రద్ధగా అడిగి తెలిసికొనిరి.

మఱునాటి మధ్యాహ్నము మాగ్నోలియా బీచి కడ పడవను బండిపైకి ఎక్కించితిమి. మేనల్లుడు నీటిపీపాలు వంచి చూచెను. ఒక్క గాలను మిగిలియుండెను.