ఇంట్లో లైనక్స్ సర్వర్ పెట్టారా? ఫోటోలు ఎక్కించే ముందు ఈ తలుపులు మూసేయండి

2021 జూన్ 1తో గూగుల్ ఫోటోస్‌లో అన్‌లిమిటెడ్ ఫ్రీ స్టోరేజ్ ఆగిపోయింది. 15 జీబీ నిండిపోయిందన్న మెసేజ్ చూసి విసుగొచ్చి, చాలామంది రాస్ప్‌బెర్రీ పై మీదో, మినీ పీసీ మీదో, మూలన పడి ఉన్న పాత ల్యాప్‌టాప్ మీదో లైనక్స్ వేసుకుని, ఇమ్మిచ్ లాంటి యాప్‌తో సొంత ఫోటో సర్వర్ నడుపుతున్నారు. నాకూ ఈ సెటప్ చాలా ఇష్టం. ఆఫీసులో నా పని క్లౌడ్ సర్వర్లతో, ఇంట్లో ఒక మినీ పీసీ 24 గంటలూ ఆన్‌లోనే ఉంటుంది.

కాకపోతే ఒక్క విషయం. ఇన్నాళ్లూ మీ పెళ్లి ఫోటోలకి కాపలా కాసింది గూగుల్ సెక్యూరిటీ టీమ్. ఇప్పుడు ఆ డ్యూటీ మీది. యాప్ రన్ అయ్యింది కదా అని సంబరపడితే సరిపోదు, ఇల్లు అలకగానే పండగ కాదు.

నా చిన్న సర్వర్‌తో ఎవడికి పని?

అందరూ అడిగే ప్రశ్న ఇది. నిజమే, మిమ్మల్ని ఎవరూ ప్రత్యేకంగా వెతకరు. అసలు వెతకాల్సిన అవసరమే లేదు. ఐపీవీ4లో ఉన్న అడ్రస్‌లు మొత్తం సుమారు 430 కోట్లు. 2013లోనే మిషిగన్ యూనివర్సిటీ రీసెర్చర్లు జీమ్యాప్ అనే టూల్‌తో, ఒక మామూలు కంప్యూటర్, ఒక గిగాబిట్ కనెక్షన్ వాడి, ఇంటర్నెట్ మొత్తాన్నీ ఒక పోర్ట్ మీద 45 నిమిషాల్లోపే తట్టి చూడొచ్చని నిరూపించారు. అంటే వీధిలో ప్రతి ఇంటి గడియా లాగి చూసే దొంగ లాంటి బాట్ ఇది. ఇంట్లో ఏముందో దానికి అనవసరం. తెరుచుకుందా లేదా, అంతే.

2016లో మిరాయ్ బాట్‌నెట్ చేసింది ఇదే. సుమారు 60 డీఫాల్ట్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలతో లైనక్స్ మీద నడిచే కెమెరాలు, రౌటర్లలోకి దూరింది. అదే ఏడాది అక్టోబర్ 21న డిన్ అనే డీఎన్‌ఎస్ కంపెనీ మీద దాడికి దిగితే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటి సైట్లు చాలామందికి ఓపెన్ కాలేదు.

మనకి ఇంకా దగ్గరి ఉదాహరణ 2022 జనవరిలో వచ్చిన డెడ్‌బోల్ట్ రాన్సమ్‌వేర్. ఇంట్లో ఫోటోలు దాచుకునే క్యూనాప్ నాస్ బాక్సుల్లో ఇంటర్నెట్‌కి తెరిచి ఉన్నవాటిలోకి చొరబడి, ఫైళ్లన్నీ ఎన్‌క్రిప్ట్ చేసి, ఒక్కొక్కరి దగ్గర 0.03 బిట్‌కాయిన్ అడిగింది. అప్పుడు ఆ కంపెనీ యూజర్లకి చెప్పిన మొదటి మాట: రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్, యూపీఎన్‌పీ ఆపేయండి అని.

కాబట్టి నా దృష్టిలో హార్డెనింగ్ అంటే పది సెక్యూరిటీ టూల్స్ ఇన్‌స్టాల్ చేయడం కాదు. బయటికి తెరిచి ఉన్న తలుపులు ఎన్నో లెక్కపెట్టి, ఆ లెక్కని వీలైనంత సున్నాకి తేవడం.

ముందు లెక్క చూడండి

సర్వర్‌లో 'ఎస్ఎస్' కమాండ్ వాడితే ఏ ప్రోగ్రామ్ ఏ పోర్ట్ మీద వింటోందో లిస్ట్ వస్తుంది. అడ్రస్ 127.0.0.1 అని ఉంటే ఆ మెషీన్‌కే పరిమితం, భయం లేదు. 0.0.0.0 అని గానీ, స్క్వేర్ బ్రాకెట్లలో రెండు కోలన్లు గానీ ఉంటే అన్ని వైపులా తెరిచినట్టే. లిస్ట్‌లో మీకు అర్థం కాని పేరు కనిపిస్తే అదేంటో తెలుసుకోండి. అవసరం లేనిదైతే తీసేయండి.

తర్వాత బయటి నుంచి చూడాలి. ఫోన్‌లో వైఫై ఆపి, మొబైల్ డేటాతో మీ ఇంటి పబ్లిక్ ఐపీ అడ్రస్‌కి 2283 పోర్ట్ తగిలించి బ్రౌజర్‌లో ఓపెన్ చేయండి. ఇమ్మిచ్ డీఫాల్ట్ పోర్ట్ అదే. లాగిన్ పేజీ వచ్చిందంటే మీకే కాదు, ఊరందరికీ వస్తుంది.

ఎస్ఎస్‌హెచ్: పాస్‌వర్డ్ వద్దు, కీ ముద్దు

పాస్‌వర్డ్ ఎంత పెద్దదైనా బాట్‌లు ప్రయత్నిస్తూనే ఉంటాయి. అదే ఈడీ25519 రకం కీ పెట్టుకుంటే ఊహించి కొట్టడం అనే ఆటే ఉండదు. మీ ల్యాప్‌టాప్‌లో కీ తయారుచేసి, పబ్లిక్ భాగాన్ని సర్వర్‌కి కాపీ చేసి, సెట్టింగ్స్ ఫైల్‌లో పాస్‌వర్డ్ అథెంటికేషన్‌ని 'నో' చేయండి. రూట్ లాగిన్ కూడా ఆపేయండి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఒకటి, మార్పు చేసేటప్పుడు ఉన్న కనెక్షన్ కట్ చేయకండి. ఇంకో విండోలో కీతో లాగిన్ అయ్యాకే పాతది మూయండి. రెండోది చాలామందికి తెలియదు. ఉబుంటు క్లౌడ్ ఇమేజ్‌లలో క్లౌడ్ ఇనిట్ పెట్టే ఒక చిన్న ఫైల్ విడిగా ఉంటుంది. అందులో పాస్‌వర్డ్‌కి 'యెస్' అని ఉంటే, మీరు మెయిన్ ఫైల్‌లో 'నో' అని రాసినా లాభం లేదు, ఎందుకంటే ఎస్ఎస్‌హెచ్ మొదట చదివిన విలువనే తీసుకుంటుంది. అందుకే ఎస్ఎస్‌హెచ్‌డీ కమాండ్‌కి క్యాపిటల్ టీ ఆప్షన్ ఇచ్చి, చివరికి అమల్లో ఉన్నది ఏదో చూసుకోండి.

మరి 22 పోర్ట్ మార్చితే? లాగ్‌లో చప్పుడు తగ్గుతుంది, భద్రత పెరగదు. ఫెయిల్2బ్యాన్ మంచిదే, కానీ కీ లాగిన్‌కి ప్రత్యామ్నాయం కాదు.

ఫైర్‌వాల్ ఉన్నా డాకర్ దాటిపోతుంది

ఉబుంటులో యూఎఫ్‌డబ్ల్యూ ఆన్ చేసి, లోపలికి వచ్చేవన్నీ డినై పెట్టడం మంచి అలవాటు. ఆన్ చేసే ముందు ఎస్ఎస్‌హెచ్‌ని అలౌ చేయడం మర్చిపోవద్దు. కానీ మన యాప్‌లన్నీ డాకర్‌లో ఉంటాయి కదా. డాకర్ తన పోర్ట్‌లకి ఐపీటేబుల్స్‌లో సొంత రూల్స్ రాసుకుంటుంది. కంటైనర్‌కి వెళ్లే ట్రాఫిక్ యూఎఫ్‌డబ్ల్యూ కాపలా కాసే దారిలో అసలు రాదు. అందుకే యూఎఫ్‌డబ్ల్యూ స్టేటస్‌లో అంతా మూసి ఉన్నట్టు కనిపించినా, కంటైనర్ పోర్ట్ తెరిచే ఉండొచ్చు.

పరిష్కారం సులువు. కంపోజ్ ఫైల్‌లో పోర్ట్ నంబర్ ముందు అడ్రస్ రాయండి. అదే మెషీన్‌లో రివర్స్ ప్రాక్సీ ఉంటే 127.0.0.1, లేదంటే 192.168తో మొదలయ్యే ఇంటి లోపలి అడ్రస్. డేటాబేస్, రెడిస్ కంటైనర్లకి పోర్ట్ తెరవనే అక్కర్లేదు. అవి డాకర్ నెట్‌వర్క్‌లో లోపల్లోపలే మాట్లాడుకుంటాయి.

రౌటర్‌లో మూడు చూడండి

పోర్ట్ ఫార్వర్డింగ్ లిస్ట్ ఖాళీగా ఉండాలి. యూపీఎన్‌పీ ఆఫ్‌లో ఉండాలి, లేకపోతే ఇంట్లో ఏ డివైస్ అయినా మీకు చెప్పకుండా తలుపు తెరిపించుకోగలదు. మూడోది ఐపీవీ6. మన బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లు చాలావాటిలో ఐపీవీ4 అడ్రస్‌ని ఎంతోమంది కస్టమర్లు పంచుకుంటారు కాబట్టి బయటి నుంచి నేరుగా రాలేరు. అది చూసి నిశ్చింతగా ఉంటాం. కానీ ఐపీవీ6లో ప్రతి డివైస్‌కీ సొంత పబ్లిక్ అడ్రస్ ఉంటుంది. రౌటర్‌లో ఐపీవీ6 ఫైర్‌వాల్ ఆన్‌లో ఉందో లేదో తప్పకుండా చూడండి.

మరి బయట ఉన్నప్పుడు ఫోటోలు ఎలా?

వైర్‌గార్డ్ వాడండి. 2020 మార్చిలో వచ్చిన 5.6 వెర్షన్ నుంచి ఇది లైనక్స్ కర్నెల్‌లోనే ఉంది. దీని గొప్పతనం ఏంటంటే, సరైన కీ లేని ప్యాకెట్‌కి బదులే ఇవ్వదు. స్కాన్ చేసే బాట్‌కి అక్కడ ఏదో ఉందన్న సంగతే తెలియదు. సెటప్ కష్టం అనిపిస్తే వైర్‌గార్డ్ మీదే నడిచే టెయిల్‌స్కేల్ ఉంది, పంచుకునే ఐపీ ఉన్నా పనిచేస్తుంది. ఎస్ఎస్‌హెచ్ కూడా దీని వెనకే పెట్టేయండి.

కీ ఉన్నా అప్‌డేట్ ఎందుకు?

2024 జూలై 1న క్వాలిస్ సంస్థ రెగ్రెషన్ అనే లోపాన్ని బయటపెట్టింది. ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్‌లో ఉన్న ఈ లోపంతో లాగిన్ కాకుండానే రూట్ అధికారం సంపాదించే అవకాశం ఉంది. పాస్‌వర్డ్ లేదు, కీ మాత్రమే ఉందన్నా దానికి అడ్డు కాదు. అప్‌డేట్ చేసినవాళ్లు, పోర్ట్‌ని వీపీఎన్ వెనక దాచినవాళ్లు బతికిపోయారు.

ఉబుంటులో అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్ ఆన్‌లో ఉంచండి. కానీ కర్నెల్ మారితే రీబూట్ చేయాల్సిందే. డాకర్ ఇమేజ్‌లు ఇందులోకి రావు, వాటిని విడిగా అప్‌డేట్ చేయాలి.

అయినా సరే, బ్యాకప్

ఇన్ని చేసినా ఎక్కడో ఒక కన్నం మిగలొచ్చు. చెయ్యి కాలాక ఆకులు పట్టుకోకుండా, నెలకోసారి ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి కాపీ తీసి, కేబుల్ పీకి బీరువాలో పెట్టండి. ఎప్పుడూ తగిలించే ఉన్న డిస్క్‌ని రాన్సమ్‌వేర్ కూడా రాయగలదు, కాబట్టి అది బ్యాకప్ కింద లెక్క కాదు.

టైమ్ తక్కువగా ఉంటే ఈ ఆదివారం మూడు పనులు చేయండి: రౌటర్‌లో పోర్ట్‌లు మూయండి, ఎస్ఎస్‌హెచ్‌ని కీకి మార్చండి, ఒక బ్యాకప్ తీయండి. డాకర్ అడ్రస్‌లు, వైర్‌గార్డ్ వచ్చే ఆదివారం. పనయ్యాక మొబైల్ డేటా టెస్ట్ మళ్లీ చేయండి. ఈసారి పేజీ ఓపెన్ కాకపోతే మీ పని సరిగ్గా జరిగినట్టే.