డిజిటల్, హరిత పరివర్తనలో ప్రభుత్వ పెట్టుబడులు: మంజూరు నుండి ప్రయోజనం వరకు

ప్రత్యేక వ్యాసం

ప్రతి గ్రామ పంచాయతీకి ఆప్టికల్ ఫైబర్ సౌకర్యం కల్పించడం, విద్యుత్ ఉత్పత్తిని బొగ్గు నుండి సూర్యరశ్మి, గాలి వంటి వనరుల వైపు మళ్లించడం అనే రెండు బృహత్ కార్యక్రమాలను భారతదేశం గత పదిహేనేళ్లుగా ఏకకాలంలో నిర్వహిస్తోంది. మొదటిది డిజిటల్ పరివర్తన కాగా, రెండవది హరిత పరివర్తన. ఈ రెండు రంగాలలోనూ ప్రైవేటు పెట్టుబడులు పెద్ద ఎత్తున వచ్చినప్పటికీ, లాభదాయకత లేని చోట ప్రభుత్వ ధనమే ఆధారంగా నిలిచింది. ఆ ధనం ఏ మార్గంలో సమకూరుతోంది, ఏ పనులకు వెచ్చించబడుతోంది, దాని ఫలితాన్ని ఏ కొలమానంతో అంచనా వేయాలి అనే అంశాలను పాత్రికేయుల, అధికారుల సౌకర్యార్థం ఇక్కడ వివరించడమైనది.

ప్రభుత్వ పెట్టుబడి ఎక్కడ అవసరం?

నగరాలలో మొబైల్ టవర్ల నిర్మాణానికి గాని, ఎండ సమృద్ధిగా ఉన్న ప్రాంతాలలో సౌర ఫలకాల ఏర్పాటుకు గాని పెట్టుబడిదారులు స్వయంగా ముందుకు వస్తారు. అయితే మండల కేంద్రం నుండి మారుమూల పంచాయతీకి కేబుల్ వేయడానికి, సౌర కేంద్రం నుండి వినియోగ కేంద్రాలకు విద్యుత్ లైను నిర్మించడానికి అదే ఉత్సాహం కనిపించదు. ఇవి అందరికీ ఉమ్మడిగా ఉపయోగపడే పనులు. వీటిపై పెట్టిన ఖర్చు తిరిగి రావడానికి దీర్ఘకాలం పడుతుంది. భూసేకరణ, అటవీ అనుమతులు, రోడ్డు దాటింపు అనుమతులు వంటి పనులు ప్రభుత్వ యంత్రాంగం ద్వారానే సాధ్యపడతాయి. ఈ కారణాల వల్ల అనుసంధాన పనులే ప్రభుత్వ పెట్టుబడికి ప్రధాన క్షేత్రమయ్యాయి.

భారత్ నెట్:

దేశంలోని సుమారు 2.5 లక్షల గ్రామ పంచాయతీలను ఆప్టికల్ ఫైబర్ తో అనుసంధానించేందుకు ఉద్దేశించిన జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్ వర్క్ కు కేంద్ర మంత్రివర్గం 2011 అక్టోబరులో ఆమోదం తెలిపింది. ఈ పథకం అనంతరం భారత్ నెట్ గా పేరు మార్చుకుంది. దీనికి నిధులు సాధారణ పన్నుల నుండి కాక, సార్వత్రిక సేవా నిధి నుండి సమకూరాయి. టెలికం సంస్థలు తమ సర్దుబాటు చేసిన స్థూల ఆదాయంలో 5 శాతాన్ని ఈ నిధికి చెల్లిస్తాయి. టెలికమ్యూనికేషన్ల చట్టం-2023 ప్రకారం ఇది డిజిటల్ భారత్ నిధిగా మారింది.

తొలి అంచనా వ్యయం సుమారు రూ. 20,000 కోట్లు. మొదటి దశలో లక్ష పంచాయతీల లక్ష్యం 2017 డిసెంబరులో నెరవేరింది. మొదటి, రెండవ దశలకు కలిపి రూ. 42,068 కోట్లు మంజూరయ్యాయి. 2023 ఆగస్టులో ఆమోదించిన సవరించిన భారత్ నెట్ కార్యక్రమానికి రూ. 1,39,579 కోట్లు కేటాయించారు. ఈ మూడు అంకెలను పక్కపక్కన పెట్టి వ్యయం ఏడు రెట్లు పెరిగిందని నిర్ధారించడం సరికాదు. చివరి అంకెలో 2.64 లక్షల పంచాయతీలతో పాటు, కోరిన మేరకు మరో 3.8 లక్షల గ్రామాల అనుసంధానం, పదేళ్ల నిర్వహణ వ్యయం కూడా ఇమిడి ఉన్నాయి.

నిర్వహణ వ్యయాన్ని చేర్చడం వెనుక ఒక అనుభవ పాఠం ఉంది. తొలి దశలలో మండలం నుండి పంచాయతీలకు కేబుల్ ను ఒకే వరుసలో వేయడం జరిగింది. రోడ్డు విస్తరణలోనో, నీటి పైపుల తవ్వకంలోనో ఒక చోట కేబుల్ తెగితే దాని ఆవలి పంచాయతీలన్నింటికీ సేవ నిలిచిపోయేది. పరికరాలు అమర్చిన చోట విద్యుత్ సరఫరా లేకపోవడం మరొక అవరోధం. పర్యవసానంగా 'సేవకు సిద్ధం' అని నమోదైన పంచాయతీలకు, వాస్తవంగా సేవ అందుతున్న పంచాయతీలకు మధ్య వ్యత్యాసం ఏర్పడింది. అందువల్లనే సవరించిన కార్యక్రమంలో వలయాకార అమరికను స్వీకరించారు. ఒక వైపు తెగినా రెండవ వైపు నుండి సేవ కొనసాగుతుంది. తవ్వకం పనులు చేపట్టే శాఖలు ముందుగా కేబుల్ యజమానులకు తెలియజేసేందుకు 2023 మార్చిలో 'కాల్ బిఫోర్ యు డిగ్' అనే మొబైల్ యాప్ ను కూడా కేంద్రం ప్రవేశపెట్టింది.

తెలుగు రాష్ట్రాల మార్గాలు:

కేబుల్ విలువ కంటే కందకం తవ్వడానికి అయ్యే ఖర్చే అధికం. ఈ ఖర్చును తగ్గించుకోవడానికి రెండు తెలుగు రాష్ట్రాలు భిన్న మార్గాలను అనుసరించాయి. ఆంధ్రప్రదేశ్ లో ఫైబర్ నెట్ సంస్థ 23,000 కిలోమీటర్లకు పైగా కేబుల్ ను విద్యుత్ స్తంభాల మీదుగా వేసింది. ఈ ప్రాజెక్టును 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి శ్రీ రామ్ నాథ్ కోవింద్ ప్రారంభించారు. తెలంగాణలో టి-ఫైబర్ కోసం మిషన్ భగీరథ మంచినీటి పైపుల కందకాలలోనే గొట్టాలను అమర్చారు. మొదటి పద్ధతిలో పని వేగంగా, చౌకగా పూర్తవుతుంది. కాని తీర ప్రాంతంలో తుపాను తాకిడికి గురయ్యే అవకాశం ఉంటుంది. రెండవ పద్ధతిలో కేబుల్ కు రక్షణ ఎక్కువ. కాని అది వేరొక శాఖ పనుల పురోగతిపై ఆధారపడి ఉంటుంది.

సౌర పార్కులు, హరిత కారిడార్లు:

జాతీయ సౌర మిషన్ 2010 జనవరిలో ప్రారంభమైనప్పుడు 2022 నాటికి 20,000 మెగావాట్ల ఉత్పత్తి లక్ష్యంగా ఉండేది. 2015లో దీనిని లక్ష మెగావాట్లకు పెంచారు. 2010 డిసెంబరు నాటి బిడ్లలో యూనిట్ ధర రూ. 10కి పైగా పలికింది. 2014 డిసెంబరులో కేంద్రం సౌర పార్కుల పథకాన్ని ప్రకటించి, మెగావాట్ కు రూ. 20 లక్షలు లేదా పార్కు అభివృద్ధి వ్యయంలో 30 శాతం, ఏది తక్కువైతే అది సహాయంగా అందించింది. పార్కులో భూమి, రహదారులు, సబ్ స్టేషన్ ముందుగానే సిద్ధంగా ఉండడం వల్ల ఉత్పత్తిదారునికి నష్టభయం తగ్గింది. అంతర్జాతీయంగా ఫలకాల ధరలు తగ్గడం కూడా ఇందుకు తోడైంది. ఉమ్మడి కర్నూలు జిల్లాలోని 1,000 మెగావాట్ల పార్కులో 2015 నవంబరు నాటికి ధర రూ. 4.63కు, 2017 ఏప్రిల్ లో కడప పార్కులో రూ. 3.15కు, 2017 మే నెలలో రాజస్థాన్ లోని భడ్లాలో రూ. 2.44కు దిగివచ్చింది.

సౌర కేంద్రాన్ని ఏడాది, ఏడాదిన్నర కాలంలో నిర్మించవచ్చు. దాని విద్యుత్ ను తరలించే హైటెన్షన్ లైనుకు అంతకంటే ఎక్కువ సమయం పడుతుంది. లైను సిద్ధం కాకపోతే ఉత్పత్తిని తగ్గించుకోవలసి వస్తుంది. ఈ సమస్యను అధిగమించేందుకు ఆంధ్రప్రదేశ్ సహా 8 రాష్ట్రాలలో హరిత ఇంధన కారిడార్ మొదటి దశను సుమారు రూ. 10,142 కోట్లతో చేపట్టారు. ఇందులో 40 శాతం జాతీయ స్వచ్ఛ ఇంధన నిధి నుండి గ్రాంటుగా, 40 శాతం జర్మనీ అభివృద్ధి బ్యాంకు నుండి రుణంగా, 20 శాతం రాష్ట్ర సంస్థల వాటాగా నిర్ణయించబడింది. ఈ నిధికి మూలం 2010లో టన్ను బొగ్గుపై రూ. 50గా విధించిన సెస్సు. 2016 నాటికి ఇది రూ. 400కు చేరి, 2017 జూలైలో వస్తు సేవల పన్ను పరిహార సెస్సులో విలీనమైంది. అటుపిమ్మట హరిత పనులకు ప్రత్యేక పన్ను ఆధారం లేకుండా పోయింది. 2022-23లో కేంద్రం తొలిసారిగా రూ. 16,000 కోట్ల హరిత బాండ్లను జారీ చేసి మార్కెట్ నుండి రుణం సేకరించింది.

రైతులు, గృహ వినియోగదారులు:

2019లో ప్రారంభమైన పి.ఎం. కుసుమ్ పథకం కింద విడి సౌర పంపుసెట్టు వ్యయంలో కేంద్రం 30 శాతం, రాష్ట్రం 30 శాతం భరించగా, మిగిలినది రైతు వాటా. వ్యవసాయ ఫీడర్లను సౌర విద్యుత్ తో అనుసంధానించే విభాగం కూడా ఇందులో ఉంది. 2004 నుండి వ్యవసాయానికి ఉచిత విద్యుత్ అమలవుతున్న తెలుగు ప్రాంతాలకు ఇది ప్రత్యేక ప్రాధాన్యం గలది. పగటిపూట సరఫరాను చౌకగా అందించగలిగితే రాష్ట్ర ఖజానాపై సబ్సిడీ భారం తగ్గుతుంది, రైతుకు రాత్రివేళ పొలానికి వెళ్లే అవసరం తప్పుతుంది.

2024 ఫిబ్రవరిలో రూ. 75,021 కోట్లతో ఆమోదించిన పి.ఎం. సూర్యఘర్ పథకం కోటి గృహాలను లక్ష్యంగా చేసుకుంది. ఇంటిపైకప్పుపై 1 కిలోవాట్ కు రూ. 30,000, 2 కిలోవాట్లకు రూ. 60,000, 3 కిలోవాట్లు అంతకు పైబడిన వాటికి రూ. 78,000 సబ్సిడీగా నిర్ణయించారు.

రెండు పరివర్తనల కలయిక:

సౌర విద్యుత్ పగలు అధికంగా లభిస్తుంది; గృహ వినియోగం సాయంత్రం పెరుగుతుంది. ఏ సమయంలో ఎంత వాడారో నమోదు చేయగల మీటరు ఉన్నప్పుడే సమయాన్ని బట్టి ధర నిర్ణయించడం సాధ్యపడుతుంది. 2023 జూన్ లో సవరించిన నిబంధనలు సౌర ఉత్పత్తి వేళలలో ధర 10 నుండి 20 శాతం తక్కువగా ఉండాలని సూచించాయి. ఈ విధంగా డిజిటల్ మీటరు హరిత విద్యుత్ కు సహాయకారి అవుతుంది.

2021లో రూ. 3,03,758 కోట్ల అంచనాతో ఆమోదించిన పునర్వ్యవస్థీకృత విద్యుత్ పంపిణీ రంగ పథకంలో 25 కోట్ల స్మార్ట్ మీటర్లు ప్రధానాంశం. ఇందులో కేంద్ర బడ్జెట్ సహాయం రూ. 97,631 కోట్లు మాత్రమే. సాధారణ రాష్ట్రాలకు మీటరు వ్యయంలో 15 శాతం, గరిష్ఠంగా రూ. 900 కేంద్రం ఇస్తుంది. మిగిలిన భారాన్ని డిస్కంలు నష్టాల తగ్గింపు ద్వారా సమకూర్చుకోవలసి ఉంటుంది. నష్టాలు తగ్గని పక్షంలో ఆ భారం అంతిమంగా వినియోగదారునిపై గాని, రాష్ట్ర ఖజానాపై గాని పడుతుంది.

అంకెలను పరిశీలించవలసిన విధానం:

ఒక పథకం గురించి వార్త రాసేటప్పుడు, లేదా సమీక్షా నివేదిక రూపొందించేటప్పుడు ఈ క్రింది భేదాలను గమనించడం అవసరం.

1. మొత్తం అంచనా వ్యయం, ఆ ఏడాది బడ్జెట్ కేటాయింపు, విడుదలైన మొత్తం, వాస్తవ వ్యయం వేర్వేరు. సవరించిన అంచనాలను చూసిన తరువాతనే కేటాయింపును విలువ కట్టాలి.

2. ప్రకటించిన మొత్తంలో కేంద్ర వాటా, రాష్ట్ర వాటా, రుణం, లబ్ధిదారుని వాటా ఎంతెంతో విడదీసి చూడాలి. రుణం కూడా పెట్టుబడే. అయితే దానిని తిరిగి చెల్లించవలసి ఉంటుంది.

3. స్థాపిత సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు. 2025 జూన్ నాటికి దేశ స్థాపిత సామర్థ్యంలో శిలాజేతర వనరుల వాటా 50 శాతానికి చేరింది. 2030కి నిర్దేశించుకున్న ఈ లక్ష్యం ఐదేళ్లు ముందుగా నెరవేరింది. అయినప్పటికీ ఉత్పత్తయ్యే యూనిట్లలో అధిక భాగం నేటికీ బొగ్గు నుండే వస్తోంది. సూర్యుడు ఉన్న వేళలలోనే సౌర కేంద్రం పనిచేయడం ఇందుకు ఒక కారణం.

4. వేసిన కేబుల్ కిలోమీటర్లు, అమర్చిన మీటర్ల సంఖ్య పని పరిమాణాన్ని తెలుపుతాయి. పనిచేస్తున్న కనెక్షన్లు, అంతరాయం లేని గంటలు, తగ్గిన పంపిణీ నష్టాలు ప్రయోజనాన్ని తెలుపుతాయి.

ముగింపు:

భారత్ నెట్ అనుభవం, సౌర విద్యుత్ లైన్ల అనుభవం ఒకే విషయాన్ని స్పష్టం చేస్తున్నాయి. నిర్మాణానికి నిధులు మంజూరు చేసి నిర్వహణను విస్మరిస్తే పెట్టుబడి నిరుపయోగమవుతుంది. రోడ్లు-భవనాలు, పంచాయతీరాజ్, గ్రామీణ నీటి సరఫరా, విద్యుత్ శాఖల మధ్య క్షేత్ర స్థాయి సమన్వయానికి ప్రత్యేక నిధులు అవసరం లేదు. కాని అది లోపిస్తే వేల కోట్ల రూపాయల పనులకు ఫలితం దక్కదు. పంచాయతీ కార్యాలయంలో ధ్రువపత్రం జారీ అయ్యే సమయానికి నెట్ అందుబాటులో ఉండడం, పగటివేళ పొలానికి విద్యుత్ అందడం ఈ పెట్టుబడుల సాఫల్యానికి అసలైన గీటురాళ్లు. నెలవారీ సమీక్షలలోను, పత్రికా నివేదికలలోను ఈ అంశాలకు వ్యయ వివరాలతో సమానమైన స్థానం కల్పించవలసి ఉంది.