పశువుల కొట్టమే పాఠశాల

మన పల్లెలలో పశువులను కాచే బాలుడంటే చాలాకాలం బడికి దూరమైన బాలుడనే అర్థం. పశుపోషణనే పాఠ్యాంశంగా మలచి, చదువుకూ శ్రమకూ మధ్య గల ఈ దూరాన్ని తగ్గించే ప్రయత్నం అమెరికాలో శతాబ్దానికి పైగా సాగుతున్నది. ఆ ప్రయత్నానికి ‘ఫోర్-హెచ్’ అని పేరు.

1902లో ఒహాయో రాష్ట్రపు క్లార్క్ కౌంటీలో పాఠశాలల పర్యవేక్షకుడైన ఎ.బి. గ్రాహం బాలబాలికలతో ఒక వ్యవసాయ సంఘాన్ని నెలకొల్పాడు. 1914 నాటి స్మిత్-లీవర్ చట్టం వ్యవసాయ కళాశాలల విజ్ఞానాన్ని గ్రామాలకు చేర్చే విస్తరణ సేవకు జాతీయ స్వరూపమిచ్చింది. అటువంటి సంఘాలకు ఆ సేవయే ఆధారమైనది. నాలుగాకుల చిహ్నంపై గల నాలుగు ‘హెచ్’ అక్షరాలు మేధ, హృదయం, హస్తం, ఆరోగ్యం అనే వాటిని సూచిస్తాయి.

ఈ పథకంలో చేరిన బాలుడో బాలికయో ఒక దూడను, గొర్రెపిల్లను లేదా పందిపిల్లను పెంచాలి. దాణా ఖర్చును, బరువును, వైద్యాన్ని పుస్తకంలో వ్రాసుకోవాలి. 200 రోజులలో దూడ 180 కిలోలు పెరిగినచో, రోజుకు సగటున 900 గ్రాములు పెరిగినట్లు లెక్క. దాణా ఖర్చును ఈ పెరుగుదలతో పోల్చితే లాభనష్టాలు తేలుతాయి. మందు వాడిన పిమ్మట నిర్ణీత గడువు ముగియక ముందే పశువును మాంసానికి అమ్మరాదన్న నియమం నిజాయితీని కూడా నేర్పుతుంది.

ప్రదర్శనలో పరీక్ష రెండు విధాలు. ఒకదానిలో పశువు అవయవ సౌష్ఠవాన్ని పరిశీలిస్తారు. మరొకదానిలో దానిని పలుపు పట్టి నడిపించే విద్యార్థి నేర్పును చూస్తారు. మాంసం కొరకు పెంచిన పశువులను తరచుగా చివరకు వేలంలో అమ్ముతారు. స్వయంగా పేరు పెట్టి పెంచిన జీవిని వదులుకొనే ఆ గడియలో కన్నీరు పెట్టే పిల్లలెందరో. ఆహారం వెనుక ఒక ప్రాణం ఉన్నదన్న సత్యాన్ని వారు అక్కడ ప్రత్యక్షంగా తెలుసుకొంటారు.

ఈ ప్రదర్శనలలో కనిపించే ‘బ్రాహ్మన్’ జాతి పశువులకు భారతదేశంతో రక్తసంబంధమున్నది. కాంక్రేజ్, గిర్ జాతులతో పాటు, విదేశాలలో ‘నెల్లూరు’ పేరుతో ప్రసిద్ధమైన మన ఒంగోలు జాతి కూడా దాని మూలాలలో ఒకటి. ఎత్తైన మూపురం, వ్రేలాడే గంగడోలు, వేడిని తట్టుకొనే శక్తి ఆ వారసత్వానికి గుర్తులు.

పశువు మన పెరటిలోనే ఉన్నది. దానిని సాకే చేతులూ ఉన్నాయి. ఆ చేతులకు ఒక లెక్కల పుస్తకాన్ని, మార్గం చూపే గురువును సమకూర్చితే, పశువును మేపే పని చదువుకు ఆటంకం కాక, చదువులో భాగమే కాగలదు.